బావా, ఆ డీవీడీ మెసేజ్ ఇంక పంపొద్దు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మొదట మా టెన్త్ క్లాస్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత ఒక కస్టమరు, నిన్న రాత్రి పదకొండుకి మా అత్త కొడుకు. "మీ పెళ్లి వీడియోలు వందేళ్లు ఉండాలా? షాపువాళ్లు మీకు చెప్పని 8 రహస్యాలు!" అని మొదలై, చివర రెండు దండాలు, ఒక తామరపువ్వు. ఆ షాపువాణ్ణి నేనే. తిరుపతిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసి, డిస్కులు రైట్ చేసి ఇవ్వడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. దాచుకున్న రహస్యం ఒక్కటీ లేదు. అడిగినోళ్లు లేరు, అంతే.

చిల్లరవి ముందు ఊడ్చేస్తా.

"రైట్ చేసేముందు డిస్కును గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి." తీసిన నిమిషానికి దాని ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ తడి డిస్కును డ్రైవులో పెట్టి తిప్పాలంట. ఫ్రిజ్‌లో పెరుగు పెట్టుకోండి.

"డబ్బా మీద 4.7 జీబీ అని వేసి 4.38 ఇచ్చి మోసం చేస్తున్నారు." కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, కంప్యూటరు 1024తో కడుతుంది. డిస్కు అదే. తరువాతది.

"రైటింగ్ ఫెయిలైతే లెన్సు మురికి పట్టినట్టే, సెంటు వేసిన గుడ్డతో తుడవండి." రైటరు, అంటే డిస్కు మీద రాసే డ్రైవు, లోపల సన్నటి తీగల మీద వేలాడే లెన్సది. గుడ్డ పెట్టి అదిమితే పక్కకు ఒరుగుతుంది, సెంటు మరక దాని మీదే ఉండిపోతుంది. నా దగ్గరికి "రైటరు పోయింది సార్" అని తెచ్చినవాటిలో చాలావాటికి వేరే కంపెనీ డిస్కు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. బయట తగిలించే సన్న రైటరైతే కరెంటు చాలడం లేదేమో చూడాలి. నాలుగు వైర్లు దూరిన యూఎస్‌బీ హబ్బులోంచి తీసి నేరుగా కంప్యూటరుకే పెట్టండి. రెండు తలల వైరు ఇచ్చుంటే రెండూ పెట్టాలి, ఒకటి అందానికి కాదు. ప్రతిసారీ తొంభై శాతం దాటాకే ఆగిపోతోందా? అయితే డిస్కు అంచు బాగాలేదు. లేజరు కాల్చి డేటా రాసేది డిస్కులోని రంగుపూత మీదే, చవక సరుకులో అది అంచుకు పోయేకొద్దీ సమంగా ఉండదు. నాలుగు జీబీ దగ్గర ఆపేస్తే చాలాసార్లు గట్టెక్కుతుంది.

"ఖాళీ డిస్కులన్నీ ఒకే ఫ్యాక్టరీవి, పేరుకు డబ్బులివ్వొద్దు." ఇందులో రవ్వంత నిజముంది కాబట్టే జనం నమ్ముతున్నారు. డబ్బా మీది పేరు ఒకరిది, లోపలి సరుకు చేసింది ఇంకొకరు, ఇది చాలాకాలంగా ఉన్నదే. జపాన్‌లో తైయో యూడెన్ కంపెనీ 2015లో డిస్కులు చేసే పని మానుకుంది. మన నోయిడాలోని మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు పోయింది. వెర్బాటిమ్ అనే డిస్కుల బ్రాండును 2019లో తైవాన్ వాళ్ల సీఎంసీ కొనుక్కుంది. చేసేవాళ్లు తగ్గిపోయారు, నిజమే. అంతమాత్రాన సరుకంతా ఒకటైపోదు. ఇమ్‌గ్‌బర్న్ లాంటి సాఫ్ట్‌వేరులో ఖాళీ డిస్కు పెట్టి చూస్తే తయారీదారు కోడ్ కనబడుతుంది. ఎంసీసీ అంటే మిత్సుబిషి కెమికల్ పద్ధతి, ఎంబీఐ అంటే మోజర్ బేర్, రైటెక్ అంటే ఆ పేరు కంపెనీయే. రైటరు కూడా ఆ కోడ్ చూసే లేజరును ఎంత మంట పెట్టాలో తేల్చుకుంటుంది. కోడ్ తెలియనిదైతే గుడ్డి లెక్క మీద కాలుస్తుంది. పేరూ ఊరూ లేకుండా ప్లాస్టిక్ కవర్లో విడిగా అమ్మే డిస్కు రెండు రూపాయలు తక్కువకు వస్తే తీసుకోండి, కాఫీ గ్లాసు కింద పెట్టుకోవడానికి బాగుంటుంది.

"ఎప్పుడూ 1ఎక్స్ వేగంలోనే రైట్ చేయాలి." 1ఎక్స్ అంటే డీవీడీ మామూలు వేగం, 16ఎక్స్ అంటే దానికి పదహారు రెట్లు. నిదానమే ప్రధానం అని చిన్నప్పుడు చదివింది ఇక్కడ తెచ్చి పెట్టారు. 16ఎక్స్ అని రాసున్న డిస్కులోని రంగు గబగబా, గట్టి మంటకు కాలేలా కలిపింది. సన్న మంట మీద దోసె పోస్తే ఎర్రగా రాదు, ఎండిపోతుంది. ఇదీ అంతే. అసలు 16ఎక్స్ డిస్కు పెడితే చాలా రైటర్లలో 1ఎక్స్ అనే వరసే కనబడదు. కనబడినా డిస్కు నిండడానికి గంట కూర్చోవాలి. 16ఎక్స్ డిస్కును నేను 8ఎక్స్‌లో కాలుస్తా, ఎనిమిది తొమ్మిది నిమిషాల పని. ఆ మిగిలిన టైములో 'వెరిఫై' టిక్ పెట్టుకోండి. రాసింది మళ్లీ చదివి సరిచూసుకుంటుంది.

"కింద మెరిసే వైపు కాపాడితే చాలు, పైవైపు పేపరు స్టిక్కరు అంటించి పేర్లు రాసుకోండి." సీడీ అయితే ఇది తలకిందులు. సీడీలో డేటా ఉండేది పైవైపే, పలచటి లక్క పూత కింద. బాల్‌పెన్నుతో గట్టిగా "సుప్రభాతం" అని రాస్తే సుప్రభాతం అక్కడితో ముగుస్తుంది. డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి పెన్నుకు రొంత తట్టుకుంటుంది. స్టిక్కరుకు తట్టుకోదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే దానికి ఒక పక్క రవ్వంత బరువు జాస్తి అయినా ఊగుతుంది. ఏళ్లు గడిస్తే జిగురు బిగిసి డిస్కు వంగుతుంది. మధ్య చిల్లు చుట్టూ గాజులా ఖాళీగా ఉండే రింగు ఉంది కదా, అక్కడ నీళ్ల సిరా మార్కరుతో నాలుగక్షరాలు రాసుకోండి. చాలు.

"గీతలు పడితే టూత్‌పేస్ట్ రుద్దండి." దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నా. కుదరదు, నేనే రుద్దాను కాబట్టి. కింది వైపు పైపై గీతలకు తెల్ల పేస్టు పనిచేస్తుంది, మెత్తగా సానపట్టినట్టు. తడి దూది మీద వేసి, మధ్యలోంచి అంచుకు నేరుగా రుద్దాలి, గుండ్రంగా కాదు. అడ్డంగా పడిన గీతను ప్లేయరు సర్దుకుంటుంది, చుట్టూ పడిన గీతను సర్దుకోలేదు. ఒకసారి చదివిందంటే వెంటనే కాపీ తీసుకోవాలి. ఈ ఒక్క పాయింటుకు ఆ మెసేజ్ రాసినాయనకు నా దండం కూడా ఒకటి.

ఇక ఎనిమిదోది. మిగతా ఏడూ వదిలేసినా దీన్ని వదలను. "ఒకసారి డీవీడీకి ఎక్కిస్తే వందేళ్లు చెక్కు చెదరదు, ఫోన్లో, హార్డ్ డిస్క్‌లో తుడిచేసి ఖాళీ చేసుకోండి."

వందేళ్లు ఎవరు చూశారు స్వామీ? ఆ అంకెలు మంచి డిస్కును వేడిలో, తేమలో పెట్టి పరీక్షించి, కాగితం మీద ముందుకు లెక్క కట్టినవి. మనమేమో అదే డిస్కును కారు డ్యాష్‌బోర్డు మీద పడేసి, కారును అలిపిరి దగ్గర మే నెల ఎండలో పెట్టి, మెట్లెక్కి పోయి మరుసటిరోజు దిగుతాం. డిస్కులోది రంగు. ఎండకు చీర రంగు వెలిసినట్టు అదీ వెలుస్తుంది. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులైతే దాచిపెట్టుకోవడానికి అసలే పనికిరావు.

2009లో తిరుచానూరులో మా చిన్నాయన కూతురి పెళ్లి. ఇంటి మనిషి పని ఇంట్లోవాళ్లకు ఆనదు కాబట్టి వీడియో వేరేవాళ్లకిచ్చారు. వాళ్లు రెండు డీవీడీలిచ్చి, తమ దగ్గరున్నది తుడిచేశారు. 2021లో మా చెల్లెలు ఆ రెండూ పట్టుకొచ్చింది, స్ట్రక్ అవుతున్నాయన్నా అని. ఒకటి పన్నెండేళ్లు టీవీ పక్కన కిటికీలో ఉందంట. ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూశా. మధ్యలో ఊదారంగు, అంచుకు పోయేకొద్దీ పలచనై, చివరి వేలెడు వెడల్పు దాదాపు తెల్లగా ఉంది. ఇంకోటి బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది, పైన వధూవరుల ఫొటో స్టిక్కరుతో. వంగిపోయి, డ్రైవులో పెడితే మిక్సీలో కొబ్బరి చిప్ప వేసినట్టు మోత.

చదవలేని చోట మళ్లీ మళ్లీ చదివే సాఫ్ట్‌వేరు పెట్టి రెండు రాత్రులు కూర్చున్నా. స్నాతకం వచ్చింది. జీలకర్ర బెల్లం వచ్చింది. తలంబ్రాలు ముక్కలుగా వచ్చాయి. అప్పగింతలు రాలేదు. డిస్కు మీద రాత లోపలి చుట్టు నుంచి బయటికి పోతుంది, కాబట్టి పెళ్లిలో చివరి ఘట్టం అంచులో ఉంటుంది. ముందు పోయింది ఆ అంచే. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నాయన ఏడ్చింది అక్కడే ఉండేది. ఆయన 2017లో పోయాడు.

ఆ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, ఇంకో ఊళ్లో చుట్టాలింట్లో ఒక కాపీ ఉండుంటే నాకు ఆ రెండు రాత్రులు లేవు. డీవీడీ కూడా పెట్టుకోండి, కాదనను, కోర్టుకు ఇవ్వడానికో, పాత ప్లేయరున్న అమ్మమ్మకో. మూడేళ్లకోసారి తీసి పెట్టి చూడండి. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే సందే లేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

బావా, నీ సంగతి నాకు తెలుసు. పంపేముందే ఆ మెసేజ్ చెప్పినట్టు చేసుంటావు. పాప బారసాల వీడియో తుడిచేసుంటే ఆ హార్డ్ డిస్క్‌లో కొత్తగా ఏమీ ఎక్కించొద్దు, సినిమాలు అస్సలు వద్దు, తుడిచిన దాని మీద ఇంకోటి పడితే మళ్లీ తీయలేం. వైరు పీకి గమ్మున పక్కన పెట్టి, రేపు పొద్దున షాపు తీసేసరికి తీసుకురా.