పిప్పరమెంటు కర్రకి అంత రేటా అనేవాళ్లకి

స్వీడన్‌లో ఉండే మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ప్రతి వేసవికీ పోల్కాగ్రీస్ మీద ఇదే గొడవ. పోల్కాగ్రీస్ అంటే ఇక్కడి గ్రెన్నా అనే చిన్న ఊళ్లో చేసే ఎరుపు తెలుపు చారల పిప్పరమెంటు కర్ర. "గ్రెన్నా వెళ్లొచ్చాం. ఊరు బాగుంది, సరస్సు బాగుంది. కానీ ఆ చారల పిప్పరమెంటు కర్రలకి అంత రేటేంటండీ, ఉత్త పంచదారే కదా!" కింద వరసగా లైకులు. సూపర్ మార్కెట్‌లో అలాంటివే సగం రేటుకి దొరుకుతాయని ఒకరు, అదంతా టూరిస్టుల బాదుడని ఇంకొకరు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

ఉత్త పంచదారే, కాదనను. పంచదార, నీళ్లు, కొద్దిగా వెనిగర్, పిప్పరమెంటు నూనె, ఎర్ర రంగు. అంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఆ పంచదారని ఏం చేస్తున్నారో చూశారా? గ్రెన్నాలో చాలా కొట్లలో అద్దం వెనకే తయారుచేస్తారు. చూడ్డానికి టికెట్ కూడా లేదు. మనవాళ్లు ఫోన్ తీసి రెండు నిమిషాల రీల్ చేసుకుని ఐస్‌క్రీమ్ వైపు వెళ్లిపోతారు.

పాకం బాగా ముదిరే దాకా కాస్తారు. వెనిగర్ వేసేది పులుపు కోసం కాదు, పాకం మళ్లీ పలుకులు కట్టకుండా ఉండడానికి. నూనె రాసిన బల్ల మీద పోసి, అంచులు చల్లారి బిగుసుకుంటుంటే వాటిని లోపలికి మడుస్తూ ఉంటారు. ముద్దగా అయ్యాక కొంత విడిగా తీసి ఎర్ర రంగు కలుపుతారు. మిగతాదాన్ని గోడకున్న కొక్కేనికి వేసి లాగుతారు. లాగడం, మళ్లీ కొక్కేనికి తగిలించడం, మళ్లీ లాగడం. జాతరల్లో జీళ్లవాళ్లు బెల్లం పాకాన్ని మేకుకి వేసి సాగదీయడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. గాజులా ఉన్న ముద్ద కళ్లముందే తెల్లబడుతుంది. తెల్ల రంగేదో కలిపారనుకునేరు, అది లోపల చిక్కుకున్న గాలి. కొరికితే పటుక్కున విరిగి నోట్లో ఇట్టే కరిగిపోయేది ఆ గాలి వల్లే. కేవలం అచ్చులో పోసి తీసిన పిప్పరమెంటు బిళ్లలో ఆ గుణం రాదు.

ఆ తర్వాత తెల్ల ముద్ద మీద ఎర్ర పట్టీలు అతికించి, పొడుగ్గా సాగదీస్తూ మెలిపెడతారు. కత్తెరతో ముక్కలు కోస్తారు. పని అక్కడితో అయిపోలేదు. వేడి మీద వదిలేస్తే కర్ర ఒక పక్క చదునైపోతుంది కాబట్టి పూర్తిగా చల్లారే దాకా బల్ల మీద చేత్తో దొర్లిస్తూనే ఉండాలి. ఆలస్యమైతే పాకం బిగుసుకుపోతుంది, తొందరపడితే చారలు కలిసిపోతాయి. వేడి పాకంతో, గ్లవ్స్ తొడుక్కుని, నిలబడి చేసే పని ఇది. స్వీడన్ జీతాల్లో ఆ చేతులకి గంటకి ఎంత ఇవ్వాలో ఇక్కడ ఉద్యోగాలు చేసే మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో సంగతి. ఈ పోల్కాగ్రీస్ మొదలుపెట్టినావిడ అమాలియా ఎరిక్సన్. 1824లో యోన్‌షోపింగ్‌లో పుట్టింది. చిన్నప్పుడే అమ్మానాన్నల్ని కలరా మింగేసింది. గ్రెన్నా వచ్చి ఇళ్లలో పనిచేసింది. ఒక దర్జీని పెళ్లి చేసుకుంటే ఎక్కువ కాలం గడవకుండానే ఆయనా పోయాడు. చేతిలో పసిపిల్ల. ఆ రోజుల్లో ఆడమనిషి సొంతంగా వ్యాపారం పెట్టుకోవాలంటే ఊరి పెద్దల అనుమతి కావాలి. అర్జీ పెట్టుకుని 1859లో అనుమతి తెచ్చుకుంది. తయారీ రహస్యం బతికినన్నాళ్లూ బయటికి పొక్కనివ్వలేదంటారు. 1923 దాకా, దాదాపు నూరేళ్లు బతికింది. ఇవాళ వెట్టర్న్ సరస్సు ఒడ్డున ఆ చిన్న ఊరికి అంతమంది వస్తున్నారంటే ఆమె చలవే. ఊళ్లో ఆమె విగ్రహం కూడా పెట్టారు. ఆ విగ్రహం పక్కన సెల్ఫీ దిగి, ఆమె మొదలుపెట్టిన పనికి మాత్రం "ఇంత రేటా" అని పెదవి విరవడం నాకు అస్సలు నచ్చదు.

2022లో యూరోపియన్ యూనియన్ ఈ పేరుకి రక్షణ ఇచ్చింది. వేరే ఊళ్లో చేసి "గ్రెన్నా పోల్కాగ్రీసార్" అని అమ్మడానికి లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ (ఊరి పేరు మీద ఇచ్చే ఇలాంటి గుర్తింపే) వచ్చినప్పుడు ఇదే గ్రూపులో ఎంత సంబరపడ్డామో గుర్తుందా? "ఆడవాళ్ల చేతి పనండీ, మెషీన్‌కి ఎలా వస్తుంది" అని మనమే అన్నాం. మన ఊరి చేతులకైతే గౌరవం, వీళ్ల చేతులకైతే బాదుడా? నాకిది అన్యాయంగా కనిపిస్తోంది.

కొట్లవాళ్ల మీద కూడా నాకో కంప్లయింట్ ఉంది. కోలా, స్ట్రాబెర్రీ, ఇంకా ఏవేవో రంగుల కర్రలు ముందు వరసలో పెట్టి, అసలైన ఎరుపు తెలుపు పిప్పరమెంటుదాన్ని ఓ మూలకి నెట్టేస్తున్నారు కొందరు. పిల్లలు అడుగుతారు, అమ్ముకోవాలి, అర్థం చేసుకోగలను. కానీ మొదటిసారి వచ్చినవాళ్లు ఆ నీలం రంగుదేదో కొని, ఇంతేనా అని వెళ్లిపోతున్నారు.

కాబట్టి ఈ వేసవిలో ఈ4 హైవే మీద స్టాక్‌హోమ్ నుంచి దక్షిణానికి వెళ్లేవాళ్లు గ్రెన్నాలో కాసేపు ఆగండి. ఒక ముద్ద పాకం పోసినప్పటి నుంచి కర్రలు చల్లారే దాకా అద్దం దగ్గర నిలబడి చూడండి. ఎరుపు తెలుపుదే ఒకటి కొని అక్కడే కొరకండి. అప్పుడు కూడా రేటు ఎక్కువే అనిపిస్తే కామెంట్లలోకి రండి, మాట్లాడుకుందాం.