అనుభవదారు శ్రీ స్టే గారికి ఒక డిక్రీదారు విన్నపం

మహారాజశ్రీ స్టే గారి సముఖానికి,

కర్నూలు జిల్లాలో హంద్రీకి దగ్గరలో ఉన్న నల్లరేగడి పొలానికి కాగితం మీద హక్కుదారునైన డిక్రీదారుడు నమస్కరించి రాసుకొంటున్న విన్నపము.

పొలం నాదేనని, ప్రతివాది దానిని నాకు స్వాధీనం చేయాలని కోర్టు తీర్పు చెప్పి డిక్రీ ఇచ్చిన సంగతీ, అతడు పై కోర్టులో అప్పీలు వేసి ఆ డిక్రీ అమలును ఆపే ఉత్తర్వుగా తమను తెచ్చుకొన్న సంగతీ తమకు తెలియనివి కావు. అయినా శనగ విత్తేది ప్రతివాదే, కోసేది ప్రతివాదే. ఊళ్లో ఎవరైనా అడిగితే మాత్రం అతడు పొలం తనదని అనడు. "స్టే ఉంది" అంటాడు. అంటే హక్కు నాది, పంట అతనిది, పెత్తనం తమది. రెవెన్యూ వారి పొలం లెక్క అయిన అడంగల్‌లో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఒకటి ఉంటుంది కాబట్టి, ఆ రెండో గడిలో తమ పేరు ఎక్కించవలసిందిగా తహసీల్దారుకు అర్జీ పెట్టుకోదలచాను. అందుకోసం తమ వంశవృత్తాంతాన్ని సేకరించగా తెలిసిన విషయాలను తమ సమక్షంలోనే ఒకసారి సరిచూసుకొంటున్నాను.

తమ జన్మపత్రిక 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 41వ ఆర్డరు, 5వ రూలు. అందులో మొదటి మాటే తమకు అవమానకరంగా ఉంది: అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదట. ఆగాలంటే అప్పీలు కోర్టుకు తగిన కారణం కనబడాలి. స్టే ఇవ్వకపోతే అప్పీలుదారుకు గణనీయమైన నష్టం కలుగుతుందని తేలాలి. అతడు అనవసరమైన జాప్యం లేకుండా వచ్చి ఉండాలి. రేపు ఓడిపోతే డిక్రీకి కట్టుబడి ఉంటానని పూచీకత్తు ఇవ్వాలి. ఇన్ని తాళాలు వేసిన తలవాకిలికి ఆనుకొనే, పిటిషన్ మీద వాదనలు పూర్తయ్యేలోగా అవతలి పక్షాన్ని వినకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చునంటూ అదే రూలులో ఒక దిడ్డివాకిలి ఉంది. తాము ఎటు నుంచి వేంచేశారో నేను వేరే చెప్పనక్కరలేదు. మధ్యంతరంగా వచ్చిన తమరు మా పొలంలో కాపురమే పెట్టారు. పూచీకత్తు ఊసు వాయిదా వాయిదాకూ వెనక్కు జరిగి, ఇప్పుడు దానిని గుర్తు చేసే నన్నే తగవులమారిగా చూస్తున్నారు.

తమను ఆవాహన చేసిన అఫిడవిట్‌ను చదివినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. విచారణ సాగినన్నాళ్లూ ఆ భూమి చౌడు నేల అని, ఎకరాకు గింజలు కూడా రాలవని, కాబట్టి నాకు నష్టపరిహారమేమీ రాదని వాదించిన పెద్దమనిషికి, తీర్పు వెలువడిన మరుక్షణమే అది ఏకైక జీవనాధారమైపోయింది. పట్నంలో అతనికి ఉన్న అద్దె గదులు బహుశా జీవనానికి కాక ఆధారానికి మాత్రమే పనికి వస్తాయి కాబోలు. పొలం చేయి మారితే తీరని నష్టమని కూడా రాశాడు. అప్పీలులో అతడే గెలిస్తే పోయినదంతా తిరిగి ఇప్పించడానికి అదే కోడ్‌లో 144వ సెక్షన్ ఉన్నదన్న మాటను మాత్రం ఆ కన్నీటి ప్రవాహంలో ఎవరూ గమనించలేదు.

తమ మహిమలలో నన్ను అమితంగా ఆకట్టుకొన్నది మరొకటి. ఉత్తర్వు కింది కోర్టుకు అధికారికంగా చేరకముందే, స్టే వచ్చిందని తనకు స్వయంగా తెలుసునంటూ అప్పీలుదారు ప్రమాణపత్రం దాఖలు చేస్తే, అసలు కాగితం వచ్చేదాకా కింది కోర్టు దాన్నే మన్నించాలట. దేవుణ్ణి చూశానని భక్తుడు చెబితే నమ్మనివాళ్లు ఉన్నారు గాని, తమను చూశానని చెబితే పొలం స్వాధీనం చేయించే కోర్టు ఉద్యోగి అమీనా గారు కూడా వచ్చిన దారినే వెనుదిరుగుతారు.

అమలును ఆపే విద్యలో తమకు మా సీమ కొత్త కాదు. రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు రావాలని 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకొన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, 1956లో హైదరాబాదుకు వెళ్లిపోయింది, 2019 నుంచి హైకోర్టు అమరావతిలో నడుస్తోంది. ఆ ఒడంబడిక అమలు మీద స్టే తెచ్చినవారు ఎవరో గాని, పూచీకత్తు మాత్రం వారు కూడా కట్టినట్టు లేదు.

తమను అదుపు చేయడానికి పెద్ద కోర్టులు ప్రయత్నించలేదని అనలేను. ఈ దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికి వచ్చిన తరువాతే మొదలవుతాయని ఆనాటి అత్యున్నత అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1872లోనే వాపోయింది. స్టే ఇచ్చేటప్పుడు, ఆలస్యం వల్ల డిక్రీదారుకు కలిగే నష్టానికి తగిన సొమ్ము కట్టాలని షరతు పెట్టవచ్చునని 2004లో సుప్రీంకోర్టు ఒక అద్దె తగాదాలో తేల్చి చెప్పింది. దరఖాస్తు పెట్టిన ఆరు నెలల్లో డిక్రీ అమలు ముగియాలని 2021లో ఆదేశించింది. విచారణలను నిలిపివేసే తమ సోదరులకు 2018లో ఆరు నెలల ఆయుర్దాయం నిర్ణయించి, 2024లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గడువు చెల్లదన్నది. తమ వంశానికి చిరంజీవత్వం ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను వెతుకుతున్నది ఇక్కడే.

తమరు లేకుండా పోవాలని నేను కోరను. కూల్చితే మళ్లీ లేవని ఇల్లు ఉన్నప్పుడు, నరికితే మళ్లీ పెరగని చీనీ తోట ఉన్నప్పుడు, కింది కోర్టు నిజంగానే పొరబడినప్పుడు తమరే దిక్కు. మా పొలంలో ఇల్లు లేదు, తోట లేదు. ఏటా శనగ వేసి, ఏటా అమ్ముకొనే నేల అది. కనుక ఇక్కడ కొలువై ఉండదలచుకొంటే అందరు గుత్తదారుల లాగానే గుత్త కట్టి ఉండండి. డిక్రీ నాటి నుంచి ఏడాదికి ఇంతని లెక్కగట్టి, ప్రతివాది చేత ఆ సొమ్మును కోర్టులో జమ చేయించండి. రేపు అతడు గెలిస్తే అతనికే వాపసు వస్తుంది. ఈ షరతు కోరుతూ నా వకీలు ఇప్పటికే పిటిషన్ వేశారు. దాని మీద అవతలి పక్షం కౌంటరు కోసం గడువు అడిగింది.

ఇట్లు,
తమ పాలనలోని పొలానికి పట్టాదారు

తా.క.: నాకు తెలియకుండా తమరు రాకూడదని ముందుగానే కేవియట్ అనే ముందస్తు అర్జీ వేసి ఉన్నాను. దాని ఆయుష్షు 90 రోజులు. ప్రతివాది అప్పీలు కాగితాలు లోపాలతో వెనక్కు వచ్చి, సవరణతో మళ్లీ దాఖలై, మళ్లీ వెనక్కు వచ్చి, సరిగ్గా ఆ గడువు ముగిసిన తరువాతనే నంబరుకు నోచుకొన్నాయి. కొత్త కేవియట్‌ను నిన్ననే వేయించాను.