ఇంగ్లిష్ ఇడియం గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ఇడియం గారికి, తమ్ముడు చిరంజీవి స్లాంగుకి,

అయ్యా! కిక్ మాకు తెలుసు, బకెట్ తెలుసు. రెండూ కలిస్తే మనిషి పోయినట్టని ఏ గ్రామరు పుస్తకం చెప్పింది? ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 1785లో లండన్ వీధిమాటలు పోగేసి అచ్చేసిన నిఘంటువులోనే ఇది ఉంది. ఆ బకెట్ ఎవరిదో, దాన్ని ఎందుకు తన్నారో మీవాళ్ళు ఇప్పటికీ తేల్చలేదు. గుటుక్కుమనడం, హరీమనడం, టపా కట్టడం అన్నీ ఉండి కూడా మేం మళ్ళీ 'బాల్చీ తన్నేశాడు' అంటున్నాం. మా బుద్ధి అలాంటిది, అది వేరే లేఖ.

పోనీ బట్టీ పట్టాం అనుకోండి. అర్థం ఒకచోట నిలుస్తుందా? 'టేబుల్' చేద్దాం అంటే బ్రిటన్‌లో ఇప్పుడే చర్చకు పెడదామని, అమెరికాలో ఇప్పటికి పక్కన పెడదామని. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు కీచులాడుకున్నారు. తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటే! చర్చిల్ స్వయంగా రాసుకున్న సంగతి ఇది. మీ ఇంట్లోవాళ్ళకే ఇంత భాగ్యమైతే ఇక మాకేం మిగులుతుంది?

మీ ఆఫీసు అవతారం మరీ ఘోరం. బేస్‌బాల్ బ్యాటు ముట్టని మనిషి ఓసారి మాట్లాడుకుందాం అనడానికి 'టచ్ బేస్' చేద్దాం అంటాడు, ఉజ్జాయింపు లెక్క కావాలంటే 'బాల్‌పార్క్ ఫిగర్' చెప్పమంటాడు. మళ్ళీ మాట్లాడదాం అనడానికి 'సర్కిల్ బ్యాక్' అవుదాం అన్నవాడు మళ్ళీ కనిపిస్తే ఒట్టు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' అని వినపడగానే నేను కుర్చీ గట్టిగా పట్టుకుంటాను. ఆ తర్వాత వచ్చేదాంట్లో రెస్పెక్ట్ చెంచాడు కూడా ఉండదు.

తమ్ముడు స్లాంగు, అదే కుర్రకారు వాడుకమాట, గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 'సిక్' అంటే అద్భుతమట. చరిష్మాకి, అంటే ఆకట్టుకునే గుణానికి, తలా తోకా నరికి, మధ్య ముక్కకి 'రిజ్' అని పేరు పెడితే 2023లో ఆక్స్‌ఫర్డ్ వారు ఏటి మేటి పదంగా కిరీటం పెట్టారు. పెద్దవాళ్ళు నేర్చుకుని పలికేసరికి పిల్లలు మొహం చిట్లిస్తున్నారు, పాతబడిపోయిందట.

తమరి జవాబు కోసం చూస్తుంటాం. తిట్టదలిస్తే తిన్నగా తిట్టండి. 'హౌ ఇంటరెస్టింగ్' అని మాత్రం రాయకండి, దాని అర్థం 'ఉత్త సోది' అని మాకు తెలిసిపోయింది.

ఇట్లు,
తమ నిఘంటువు మోసే కూలి