బుగులు పోనిదే మందులేం చేస్తాయి?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ ఎవరినీ కుల ధ్రువీకరణ పత్రం అడగదు. మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందంటుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, చేతిలో కార్డు ఉన్నా లేకున్నా, సర్కారు దవాఖానలో ఆ వైద్యం ఉచితంగా అందాలంటుంది. 2017లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ములుగు జిల్లాలోని తాడ్వాయి, గోవిందరావుపేట, ఏటూరునాగారం, కన్నాయిగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీలకు ఇంత సూటిగా వర్తించే చట్టం మరొకటి వెతికినా దొరకదు. ఎస్టీలుగా వారికి ఇక్కడ గుర్తింపు లేదు. పోడు పట్టాల పంపిణీలో పేరు లేదు. వలస వచ్చినవారని ఒక శాఖ, అడవిని ఆక్రమించినవారని ఇంకో శాఖ రాసుకుంటాయి. రోగులుగా మాత్రం అందరితో సమానమైన హక్కు వారికుంది. అయితే ఆ సంగతి వారికి చెప్పినవారు లేరు. చెప్పాల్సిన శాఖకే గుర్తున్నట్టు లేదు.

వీరు ఎందుకు వచ్చారో వరంగల్ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, ఇరవై ఏళ్లు గడిచాయి కనుక ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. అది పెట్టిన శిబిరాలకు రానివారి మీద మావోయిస్టులని ముద్ర వేశారు. వెళ్లినవారిని మావోయిస్టులు ద్రోహులన్నారు. ఊళ్లు తగలబడ్డాయి. ఆరు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయని హక్కుల సంఘాలు లెక్కగట్టాయి. ఎటూ ఉండలేనివారు పిల్లాజెల్లతో అడవి పట్టుకుని నడిచి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు చేరారు. గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు తర్వాత కూడా వెనక్కి వెళ్లినవారు తక్కువే. నాడు తల్లి చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు ఇక్కడ పెళ్లిళ్లయి పిల్లల్ని కన్నారు. వారు దాటింది రాష్ట్ర సరిహద్దే గనుక శరణార్థులు అనిపించుకోరు. ఐక్యరాజ్యసమితి 1998లో రూపొందించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం చూస్తే వారు సొంత దేశంలోనే నిర్వాసితులు. పేరు ఏదైనా, కళ్లముందు ఇల్లు కాలిపోవడం చూసిన మనిషికి ఏమవుతుందో అదే వారికీ అయింది.

ఏమవుతుంది? ఘర్షణలు నడిచిన ప్రాంతాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అంచనా 2019లో వెలువడింది. అక్కడ ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, అంటే 22 శాతం మందికి, కుంగుబాటో ఆందోళనో అంతకన్నా తీవ్రమైన మానసిక రుగ్మతో ఉంటుందని తేలింది. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో ఇలాంటి రుగ్మతలు 10.6 శాతం. రెండూ ఒకే పద్ధతిలో తీసిన లెక్కలు కావు కాబట్టి పక్కపక్కన పెట్టి కొలవడం సరికాదు. అన్నట్టు, ఆ జాతీయ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు.

గూడెంలో ఎవరూ వచ్చి నాకు డిప్రెషన్ అని చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు. తలనొప్పి తగ్గడం లేదని, గుండె దడదడలాడుతోందని, అన్నం సయించడం లేదని అంటారు. ఊరికే రందిగా ఉందంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే మలేరియా పరీక్ష చేసి, నెగెటివ్ వస్తే బీకాంప్లెక్స్ గోలీలు చేతిలో పెట్టి పంపుతారు. అక్కడున్న డాక్టర్‌ను తప్పుపట్టలేం. రోగి మాట ఆయనకు రాదు, ఆయన మాట రోగికి రాదు, బయట వరుస కట్టినవారు ఇంకా యాభై మంది ఉంటారు. తర్వాతి మజిలీ గూడెం పూజారి అయిన వడ్డె దగ్గరికి, ఆ తర్వాత సారా దగ్గరికి. పత్తి, మిర్చి చేలల్లో కూలికి పోయేవారికి పురుగుల మందు డబ్బా ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది. అది ఎంత ప్రమాదమో వరంగల్ జిల్లాకు పత్తి రైతుల చావులు ఎప్పుడో నేర్పాయి.

మానసిక వైద్యం పేరిట ఏం చేయాలన్న చర్చ మొదలుకాగానే శిబిరాలు, ఫ్లెక్సీలు, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న ఒక ర్యాలీ గుర్తొస్తాయి. అవి చేసుకుంటే చేసుకోవచ్చు. కానీ విపత్తులు, యుద్ధాల బాధితుల మానసిక సాయంపై అంతర్జాతీయ సంస్థలు 2007లో కలిసి రూపొందించిన మార్గదర్శకాలు సైకియాట్రిస్టుతో మొదలుకావు. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా వెడల్పుగా ఉండాల్సిన మెట్టు భద్రత, తిండి, నీళ్లు, నీడ. దానిపైన కుటుంబం, ఊరు ఇచ్చే ఆసరా. ఆపైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. నిపుణులైన వైద్యుల అవసరం కొద్దిమందికే, అందుకే వారిది పై మెట్టు. ఈ వరుస ప్రకారం చూస్తే గుత్తికోయల విషయంలో మనం తప్పింది మొదటి మెట్టు దగ్గరే.

2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు. ఒకసారి ఊరు తగలబడితే పారిపోయి వచ్చినవారికి ఇక్కడ రెండోసారి నీడ పోయింది. ఆ వార్త ప్రతి గూడేనికీ చేరింది. జీపు చప్పుడు వినిపిస్తే పిల్లలు అడవిలోకి ఉరికే చోట ఏ కౌన్సెలర్ వచ్చి ఏం చెప్పగలడు? రాత్రి నిద్ర పట్టకపోవడం అక్కడ జబ్బు లక్షణం కూడా కాకపోవచ్చు. నిజంగానే రేపు పొద్దున ఫారెస్టోళ్లు వస్తారేమో.

అటవీ శాఖ వాదన కొట్టివేయదగ్గది కాదు. అడవి నరికితే చూస్తూ ఊరుకోవడం వారి ఉద్యోగం కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో విధుల్లో ఉన్న ఫారెస్ట్ రేంజ్ అధికారిని కొందరు గుత్తికోయలు నరికి చంపిన ఘటనను ఎవరూ సమర్థించలేరు. ఆ కేసులో ఇద్దరికి కోర్టు 2023లో జీవిత ఖైదు వేసింది. కానీ ఆ తర్వాత అక్కడి పంచాయతీ గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. నేరం కొందరిది, భయం మాత్రం గోదావరికి ఇటూ అటూ ఉన్న అన్ని గూడేలదీ అయింది. ఖాళీ చేయించక తప్పదనుకుంటే ముందు ప్రత్యామ్నాయ స్థలం చూపాలి, రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, వానాకాలంలో, పరీక్షల వేళ గుడిసెల జోలికి పోకూడదు. దీన్ని మేము ఆరోగ్య చర్యగానే అడుగుతున్నాం.

రెండోది భాష. వాజేడు నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వంద కిలోమీటర్లకు పైనే. ఆ దూరాన్ని ఫోన్‌తో దాటొచ్చని 2022 అక్టోబరులో కేంద్రం టెలీమానస్ తెచ్చింది. 14416కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. మంచి పథకమే. హన్మకొండ హాస్టల్‌లో పరీక్షల టెన్షన్‌తో సతమతమయ్యే కుర్రాడికి అది నిజంగా పనికొస్తుంది. సిగ్నల్ లేని గూడెంలో, ఇంటి భాష తప్ప తెలుగు రాని తల్లికి పనికిరాదు. ఆమెకు కావాల్సింది ఆమె మాట తెలిసిన మనిషి, వీలైతే అదే గూడెం ఆడమనిషి.

అలాంటి మనిషిని తయారుచేయడం సాధ్యమేనని ఎప్పుడో రుజువైంది. గోవాలో వైద్య విద్య లేని మామూలు వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల్లోనే కుంగుబాటు బాధితులతో మాట్లాడించారు. ఫలితం బాగుందని 2010లోనూ 2017లోనూ లాన్సెట్ వైద్య పత్రికలో అధ్యయనాలు వచ్చాయి. ఘర్షణలతో నలిగిన పాకిస్థాన్‌లోని పెషావర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిని 346 మంది మీద పరీక్షించారు. వారానికి ఒకసారి చొప్పున అయిదు వారాలు మాట్లాడటం, సమస్యను చిన్న ముక్కలుగా విడదీసి ఒక్కోటి చక్కబెట్టుకోవడం నేర్పడం, అంతే. 2016లో వచ్చిన ఫలితాల్లో ఆందోళన, కుంగుబాటు రెండూ తగ్గాయి. మానేటి నుంచి గోదావరి దాకా ఉన్న మన ఏజెన్సీలో అది జరగకపోవడానికి కారణం అడిగేవారు లేకపోవడమే. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. ములుగులోనూ ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది. ఏటూరునాగారంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. వడ్డెను వెళ్లగొట్టాల్సిన పనీ లేదు. ఎవరిని దవాఖానకు పంపాలో ఆయనకు తెలిస్తే సగం పని ఆయనే చేస్తాడు.

ఈ బుగులు గుత్తికోయలతో ఆగేది కాదు. ఉత్తర తెలంగాణలో ఎన్‌కౌంటర్‌లో కొడుకు పోయిన తల్లి ఉంది, ఇన్‌ఫార్మర్ ముద్ర వేసి మావోయిస్టులు చంపిన మనిషి భార్య ఉంది, మందుపాతర పేలి కాలు పోయిన పోలీసు ఉన్నాడు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం బలగాల ఆపరేషన్ నడిచినన్నాళ్లూ వెంకటాపురం, వాజేడు మండలాల జనం కట్టెలకు, ఆకుకు అడవిలోకి పోవడానికి జంకారు. మూడు, నాలుగు దశాబ్దాల ఈ చరిత్రలో ఎవరూ వీరిని కూర్చోబెట్టి ఎట్లున్నవని అడిగిన దాఖలా లేదు. లొంగిపోయినవారి గురించి కూడా నగదు ఎంత, రివార్డు ఎంత అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పదిహేనేళ్లు అడవిలో తుపాకీ పక్కన పడుకున్న మనిషి హఠాత్తుగా ఇంట్లో పడుకుంటే ఏమవుతుందో పునరావాస ప్యాకేజీలో రాయాల్సి ఉంది.

ప్రభుత్వం తాడ్వాయి మండలంతో మొదలుపెట్టవచ్చు. గూడేల నుంచి చదువుకున్న యువతులను ఎంపిక చేసి శిక్షణ ఇవ్వాలి. కేసుకింత అని కాకుండా నెల జీతం ఇవ్వాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఒక వైద్యుడు వారంలో ఒక స్థిరమైన రోజున ఆ మండలంలో కూర్చోవాలి, మందులు అక్కడే దొరకాలి. ఆధార్ లేదని ఎవరినీ తిప్పి పంపకూడదు. అటవీ శాఖ ఏ గూడేనికైనా నోటీసు ఇచ్చే ముందు జిల్లా వైద్యాధికారి అభిప్రాయం తీసుకోవాలని కలెక్టర్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.