బట్టీ కూడా ఒక డేటా స్ట్రక్చరే

కంప్యూటర్ కోర్సులో డేటా స్ట్రక్చర్స్ పేపరుని బట్టీ పట్టే విద్యార్థుల్ని చిన్నచూపు చూడటం ఇకనైనా మానాలి. ఇంతకీ ఆ పేపరు చెప్పేదేమిటి? అడగ్గానే చేతికొచ్చేలా సమాచారాన్ని దాచుకోమని. దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాడు బట్టీవీరుడొక్కడే. ప్రశ్న తాళంచెవి (కీ), జవాబు దాంతో దొరికే సరుకు (వాల్యూ). నడుమ ఆలోచన అనే అడ్డంకి లేదు. దీన్నే శాస్త్రంలో హ్యాష్ టేబుల్ అంటారు.

అర్థం చేసుకుని చదివేవాడి అవస్థ చూడండి. వాడు లింక్డ్ లిస్టు, అంటే ఒక గడి (నోడ్) పక్క గడిని చూపించే గొలుసు. ఏది అడిగినా మొదటి గడి (హెడ్) నుంచే బయల్దేరాలి. "డేటాని కొమ్మలుగా అమర్చిన చెట్టు ఒకవైపే పెరిగితే ఏమవుతుంది? తాడులా సాగుతుంది. అప్పుడు వెతకడం మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి..." అంటూ నోడ్ నోడ్‌కీ ఆగి నడిచొస్తాడు. ఈలోగా గంట కొట్టేస్తారు.

హ్యాష్ టేబుల్లో కొలిజన్లు, అంటే రెండు కీలు ఒకే గడిలో పడి గుద్దుకోవడాలు, ఉంటాయి, కాదనను. మా బ్యాచ్‌లో ఒకడు ఒకవైపే ఒరగకుండా తనను తాను సరిచేసుకునే ఏవీఎల్ చెట్టులో 10, 20, 30 వరసగా చేర్చే లెక్కని బొమ్మలతో సహా కంఠతా పట్టాడు. పరీక్షలో 30, 20, 10 వచ్చింది. అంకెలు అవే కదా అని మనవాడు లెఫ్ట్ రొటేషన్ (చెట్టుని ఎడమకి తిప్పి సరిచేయడం) బాదేశాడు. చేయాల్సింది రైట్ రొటేషన్. అయితే రెండింట్లోనూ చివరికి తేలే చెట్టు ఒకటే: పైన 20, ఎడమన 10, కుడిన 30. దిద్దినాయన కూడా చివరి బొమ్మే బట్టీ పట్టాడేమో, పూర్తి మార్కులు పడ్డాయి. ఏవీఎల్ అంటే ముగ్గురు మనుషులని కూడా వీడికి గట్టి నమ్మకం. 1962లో దాన్ని ప్రకటించిన సోవియట్ గణితవేత్తలు ఇద్దరే. అడెల్సన్-వెల్స్కీ ఒక్కడే రెండక్షరాలు పట్టుకుపోతే లాండిస్‌కి ఒకటి మిగిలింది.

కాగితం మీద కోడ్ రాయించడాన్నీ కొందరు ఆడిపోసుకుంటారు. అంతకంటే భద్రమైన యంత్రం ఏదండీ? కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో నల్ రిఫరెన్స్ (దేన్నీ చూపించని సూచిక) ప్రవేశపెట్టి, 2009లో అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని తానే ఒప్పుకున్నాడు. కాగితం దగ్గరే ఆగుంటే చిల్లిగవ్వ నష్టం ఉండేది కాదు. ఖాళీ లిస్టులోంచి నోడ్ తీసెయ్యమన్నా కాగితం కిక్కురుమనదు. తనది కాని మెమరీని ముట్టుకున్నందుకు ప్రోగ్రాం కూలిపోయే సెగ్మెంటేషన్ ఫాల్ట్ రాదు. లీకైతే పెన్ను లీకవ్వాలి తప్ప మెమరీ లీకవదు.

మెమరీని ఖాళీ చేయడంలోనూ బట్టీవీరుడిదే పైచేయి. మాలక్‌తో అడిగి తీసుకున్న మెమరీని ఫ్రీ చేసి తిరిగివ్వడం కాకలు తీరిన ప్రోగ్రామర్లే మర్చిపోతుంటారు. వీడు పరీక్ష హాలు గుమ్మం దాటేలోపే అంతా ఫ్రీ చేసేస్తాడు. సరుకు ఎక్కడుందో చూపే పాయింటర్ మాత్రం మిగిలిపోతుంది. ఆ మధ్య ఉద్యోగం ఇంటర్వ్యూలో వాడిని ఏవీఎల్ చెట్టు గురించే అడిగారట. ఎక్కడుందో ఠక్కున గుర్తొచ్చింది: నోట్సులో ఎడమవైపు పేజీ, కింది మూల, ఎర్ర సిరా గీత పక్కన. పేజీ నంబరు కూడా చెప్పొచ్చాడట.