సవరణ: పెడల్ పవర్ జాక్‌లో ప్లస్ ఎటు?

గిటార్ పెడల్ (గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే డబ్బా) కిట్‌కి పవర్ జాక్, అంటే అడాప్టర్ గుచ్చే సాకెట్, బిగించడం గురించి మొన్న రాస్తూ, మధ్య పిన్నుకి ప్లస్ వైరు కలపమన్నాను. అది తప్పు. 9 వోల్టుల పెడల్స్ ఎక్కువగా సెంటర్ నెగటివ్: మధ్య పిన్ను గ్రౌండ్‌కి (మైనస్‌కి), బయటి స్లీవ్ ప్లస్‌కి. కిట్‌తో వచ్చిన వైరింగ్ బొమ్మ మళ్లీ తీసి చూస్తే అలాగే ఉంది. అడాప్టర్ మీది గుర్తులోనూ మధ్య చుక్క మైనస్‌కే. మామూలు అడాప్టర్లలో ఎక్కువగా మధ్యది ప్లస్, ఆ అలవాటులో రాసేశాను.

జాక్ ప్లాస్టిక్ బాడీదై ఉండాలని అప్పుడు అన్నది కూడా ఇందుకే. లోహపుదైతే స్లీవ్‌లోని ప్లస్ నేరుగా పెడల్ లోహపు డబ్బాకి తగులుతుంది, డబ్బా ఏమో గ్రౌండ్. ఇంకేముంది, షార్టే!

నా మాట విని ఇప్పటికే సోల్డరింగ్ చేసినవాళ్లు అడాప్టర్ గుచ్చకముందే ఆ రెండు వైర్లూ తారుమారు చేయండి. బ్యాటరీ ప్లస్ వైరు జాక్ మూడో కాలికి అని అప్పుడు అన్నదాంట్లో మార్పు లేదు.