చిన్న రాడ్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గేర్ రాడ్ పక్కన వెలసిన చిన్న రాడ్డు గారి సముఖమునకు,

హైదరాబాద్ నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ ఈఎమ్ఐ క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. అక్కడంటే ఎక్కడో కాదు, నా ఎడమ మోకాలికి జానెడు దూరంలోనే. అయినా ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే మన మధ్య మాటలు ఎంత తగ్గిపోయాయో మీకే తెలియాలి.

మీ నెత్తి మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ అని రాసుంది. టూ హెచ్ అంటే ఇంజిన్ పవర్ వెనక రెండు చక్రాలకే, ఫోర్ హెచ్ అంటే నాలుగింటికీ, ఫోర్ ఎల్ అంటే నాలుగింటికీ నెమ్మదిగా, మరింత బలంగా. మా ఇంటికొచ్చిన పద్నాలుగు నెలల్లో మీరు టూ హెచ్ దగ్గర్నుంచి కదిలింది మూడంటే మూడుసార్లు. ఇల్లరికం అల్లుడైనా పండగపూట గుమ్మానికి మామిడాకులు కడతాడండీ.

మిమ్మల్ని తెచ్చుకోవడానికి ఆరు నెలలు సంబంధాలు చూశాను. మహీంద్రా థార్‌కి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 226 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్ల నీళ్లలోకి దిగుతుంది. ఫోర్స్ గూర్ఖాకి 233, నీళ్లలో 700, పైగా ఒక చక్రం జారినా రెండోది తిరిగేలా రెండు ఇరుసులకూ లాకులు. మారుతీ జిమ్నీకి 210, కానీ బరువు 1,200 కిలోల దరిదాపుల్లోనే, కాబట్టి మెత్తటి నేలలో తక్కువ దిగబడుతుంది. ఇవన్నీ ఎక్కాల్లా వల్లించేవాణ్ణి. స్పీడ్ బ్రేకర్ ఎదురైతే దాని ఎత్తు నాకు మిల్లీమీటర్లలోనే కనపడేది.

ఇక ఇంట్లో వాళ్ళ లెక్కలు వేరు. మూడు తలుపుల థార్‌లో వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటు వంచి దూరాలి. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. జిమ్నీకి ఐదు తలుపులున్నా సీట్లు నాలుగే, వెనక సీట్లు నిలబెట్టి ఉంచితే డిక్కీ 208 లీటర్లు. టెంటూ ఐస్ బాక్సూ పెడితే స్టవ్ ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకోవాలి. 2024 ఆగస్టు 15న ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది కదా అని సంబరపడితే, అందులో మీరు కావాలంటే డీజిల్ తప్ప దారి లేదన్నారు.

షోరూమ్‌లో ఒక కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "సార్, రోజూ ఎక్కడ తిప్పుతారు?" మియాపూర్ నుంచి గచ్చిబౌలి అన్నాను. మారు మాట్లాడకుండా వెనక చక్రాలకే పవర్ వెళ్ళే బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. చూడ్డానికి అదే బండి, అదే దర్పం, లేనిది మీరొక్కరే. ధర మాత్రం లక్షల్లో తగ్గింది. నేను ఛాతీ విరిచి "క్యాంపింగ్" అన్నాను. అప్పటికి నా జీవితంలో క్యాంపింగ్ అంటే కాలేజీలో వెళ్ళిన ఎన్‌సీసీ క్యాంపు ఒక్కటే. ఆ కుర్రాడి మాట విని ఉంటే ఇవాళ ఈ ఉత్తరం ఉండేది కాదు. చివరికి ఏ బండి కొన్నానో చెప్పను. తప్పు బండిది కాదు.

మీ మొదటి కదలిక మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. బావమరిదికి చూపిద్దామని ఫోర్ హెచ్‌లో వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. బండి మూలిగింది, ఎగిరెగిరి పడింది, టైర్లు కీచుమన్నాయి, రెండో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో తొంగిచూశారు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ముందు తనివితీరా నవ్వుకుని, తర్వాత చెప్పాడు. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. మీరు ఆ రెండు ఇరుసుల్నీ కలిపి బిగించేస్తారు. మట్టిలోనైతే చక్రం కాస్త జారి లెక్క సరిపెట్టుకుంటుంది. గట్టి నేల మీద ఆ వీల్లేదు. మధ్యలో పెద్దమనిషి లేని అన్నదమ్ముల పంపకమే. అంటే, నేను రోజూ తిరిగే ముప్పై కిలోమీటర్ల ఎండు తారు మీద మిమ్మల్ని ముట్టుకోవడమే నేరం. ఈ సంగతి నా ఆరు నెలల పరిశోధనలో ఎక్కడో ఉండే ఉంటుంది, నేను నీళ్ల లోతు దగ్గరే ఆగిపోయాను.

ఆ లోతు ముచ్చటా తీరింది. మొన్నటి వానలకు ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలిస్తే, నా రోజు వచ్చిందనుకున్నాను. నా ముందు ఒక చిన్న కారు నీళ్లలో ఆగిపోయింది. దాని వెనక నేను, నా వెనక నాలుగు వందల హారన్లు. గంటన్నర.

సరే, క్యాంపింగ్. గండికోటకు వెళ్ళాం, కోట దాకా తారు రోడ్డే. లక్నవరం వెళ్తే పక్కన టూరిస్టు బస్సు పార్క్ చేసి ఉంది. పాడేరు దగ్గర వంజంగిలో మబ్బులు చూడాలంటే చివరి ముక్క ఎవరైనా కాళ్ళతో ఎక్కాల్సిందే. అడవిలోకి దించుదామంటే రిజర్వ్ ఫారెస్టుకి అనుమతి కావాలి. టెంటు వేసుకోనిచ్చే ప్రతిచోటా కార్ పార్కింగ్, క్యాంప్ ఫైర్, పనీర్ టిక్కా ఉన్నాయి. మీకు పని మాత్రం లేదు.

అందుకే జులైలో వికారాబాద్ వైపు వెళ్ళినప్పుడు, కోట్‌పల్లి దాటాక చేల పక్కన బాట కనపడగానే పనిగట్టుకుని దించాను. ముందురోజే వాన పడింది. నల్లరేగడి. ఇరవై గజాలు కూడా పోలేదు, టైర్ల గాళ్ళన్నీ మట్టితో నిండి చక్రాలు బూరెల్లా నున్నగా తయారయ్యాయి. మిమ్మల్ని ఫోర్ ఎల్‌లోకి లాగాను. మీరు రారే! చక్రాలు గిర్రున తిరుగుతుండగా, గేరులోనే ఉంచి, రెండు చేతులతో లాగాను. మా ఆవిడ డ్యాష్‌బోర్డు అరలోంచి ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పని పుస్తకం తీసి, ఫోన్ లైటులో చదివింది. "బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి..." అలా చేశాక మర్యాదగా వచ్చారు. అప్పటిదాకా రెండు చక్రాలు రెండు గుంతలు తవ్వాయి. ఆ తర్వాత నాలుగు.

కాసేపటికి ఒక రైతు ట్రాక్టర్ మీద వచ్చాడు.

"ఫోర్ వీల్ డ్రైవా సారూ?"

"అవును."

"మరి గిట్లెందుకైంది?"

నా దగ్గర జవాబు లేదు. గట్టి నేల మీద ట్రాక్టర్ ఆపి, గొలుసు వేసి ఒక్క గుంజు గుంజాడు. వచ్చేశాం. ఆ ట్రాక్టర్‌కి పవర్ వెళ్ళేది వెనక రెండు చక్రాలకే, గమనించగలరు. ఐదు వందలు చేతిలో పెడితే, "గీ బురదల మా బర్లే దిగయ్ సారూ" అని బర్రెల తెలివిని ఉచితంగా చెప్పి వెళ్ళిపోయాడు.

మా నాన్న పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరయ్యారు. డిపార్ట్‌మెంటు జీపులో డ్రైవరు కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం నడిబొడ్డునున్న హబ్బు, అంటే చక్రాన్ని ఇరుసుతో కలిపే బిళ్ల, చేత్తో తిప్పి, అప్పుడు మీ తాతగారిని లాగేవాడట. ఆ రాత్రి అన్నం తింటూ ఒకే మాటన్నారు. "మా డ్రైవరు సత్తార్ బురద కనపడగానే వేసేవాడురా. నువ్వు మునిగాక వేశావు."

ఇంకోమాట, మీరు నొచ్చుకోనంటేనే. అమ్మ ఎక్కడానికి వంటింట్లోని నీలం ప్లాస్టిక్ స్టూలు డిక్కీలో పడేశాం. దాని ఖరీదు నూట ఎనభై. అది రోజుకు నాలుగుసార్లు డ్యూటీ చేస్తుంది. కోట్‌పల్లి దగ్గరా అమ్మ గట్టు మీద దాన్నే వేసుకుని కూర్చుని, ట్రాక్టర్ లాగుతున్నంతసేపూ చూసింది. క్యాంపింగ్ కోసం కొన్న సామానులో నిజంగా క్యాంపింగుకు పనికొచ్చింది అదే.

నెలకోసారైనా మిమ్మల్ని కదిలిస్తే లోపల ఆయిల్ తిరిగి ఆరోగ్యంగా ఉంటారని మెకానిక్ చెప్పాడు. అందుకే మొన్న ఆదివారం పొద్దున మన అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటులో, తుమ్మచెట్ల మధ్య, ఫోర్ ఎల్‌లో వేసి తిన్నగా పది గజాలు ముందుకు, పది గజాలు వెనక్కి నడిపాను. అది మూడోసారి. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "బండి తోయాలా సార్?" అన్నాడు.

వచ్చే ఆదివారం కూడా అదే ప్లాటుకి వస్తాం. ఈసారి ఒక్క లాగుకే రావలసిందిగా మనవి.

ఇట్లు,
మీ ఎడమ మోకాలి యజమాని

తా.క.: అమ్మ గుడి దగ్గర దిగడానికి స్టూలు అడుగుతోంది. ఉంటాను.